డ్యూటీ చార్టు వెనుక లెక్క: జైలు సిబ్బంది ప్రాతినిధ్యం, షిఫ్టు వివాదాలపై ఒక సమీక్ష

జైలు సిబ్బంది సంఘాలకూ ప్రభుత్వాలకూ మధ్య గత నూరేళ్లుగా వేర్వేరు దేశాల్లో, వేర్వేరు చట్టాల కింద నడిచిన వివాదాలను ఒకచోట చేర్చి చదివినప్పుడు, వాటిలో మళ్లీ మళ్లీ మొండిగా తలెత్తినది జీతాల సమస్య కన్నా డ్యూటీ చార్టు సమస్యే అని కనిపిస్తుంది. ఎవరు ఏ షిఫ్టులో ఉండాలి, షిఫ్టు ముగిశాక కూడా ఆగిపొమ్మని ఎవరిని ఆదేశించవచ్చు, ఆదివారం సెలవు ఎవరికి దక్కుతుంది, రాత్రి కాపలా ఎవరి వంతు అనే ప్రశ్నలు పైకి చిన్న పరిపాలనా విషయాల్లా ఉన్నా, సమ్మెలకు, కోర్టు కేసులకు, ఒక్కోసారి జైళ్లలో అల్లర్లకు దారితీసినవి అవే. వీటిని క్రమశిక్షణకూ కార్మిక హక్కులకూ మధ్య పోటీగా వర్ణించడం పరిపాటి అయినా, ఆ వర్ణన అసలు విషయాన్ని పక్కన పెడుతుంది. షిఫ్టు వివాదంగా బయటికి వచ్చేది చాలా సందర్భాల్లో మనుషుల సంఖ్యకు సంబంధించిన వివాదం. ఆ సంఖ్య గురించి మాట్లాడే అధికారం లేని ప్రాతినిధ్యం, అది ఎంత చట్టబద్ధమైనదైనా, కొరతను తగ్గించలేక సీనియర్ మీద నుంచి జూనియర్ మీదికి, పురుషుల మీద నుంచి స్త్రీల మీదికి, చివరకు సిబ్బంది మీద నుంచి ఖైదీల మీదికి నెడుతుంది.

ఈ మాట బోధపడాలంటే జైలు కాపలా లెక్క ఎలా నడుస్తుందో ముందు తెలియాలి. ప్రధాన ద్వారం, బురుజు, బ్యారక్, ఆసుపత్రి గది వంటి చోట్ల ఒక మనిషి ఎల్లవేళలా ఉండి తీరాలి. అలాంటి చోటును ఈ వ్యాసంలో కాపలా స్థానం అని వ్యవహరించడం జరిగింది. ఏడాదికి 365 రోజులు, రోజుకు 24 గంటలు కనుక ఒక్క స్థానానికి ఏటా 8,760 గంటల కాపలా కావాలి. ఎనిమిది గంటల షిఫ్టు చేసే ఉద్యోగికి వారానికొక సెలవు చొప్పున 52 రోజులు, క్యాజువల్ సెలవు 15 రోజులు, ఆర్జిత సెలవు 30 రోజులు తీసేస్తే మిగిలేవి 268 పనిదినాలు, అంటే 2,144 గంటలు. 8,760ని ఆ అంకెతో భాగిస్తే నాలుగు దాటుతుంది. పండగ సెలవులు, జబ్బు సెలవులు, శిక్షణ రోజులు కూడా కలిపితే నాలుగున్నర నుంచి అయిదు దాకా పోతుంది. ఒక స్థానాన్ని ఏడాది పొడవునా ఖాళీ లేకుండా నడపడానికి ఎందరు కావాలో తెలిపే ఈ గుణకాన్ని షిఫ్టు రిలీఫ్ ఫ్యాక్టర్ అంటారు. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కరెక్షన్స్ జైళ్ల కోసం వెలువరించిన సిబ్బంది విశ్లేషణ కరదీపికకు ఇదే ఆధారం. రోజుకు మూడు షిఫ్టులు కాబట్టి స్థానానికి ముగ్గురు చాలునని లెక్కవేసిన చోట కాగితం మీద ఎనిమిది గంటల పనిదినం నిలుస్తుంది గాని, ఆ ముగ్గురిలో ఎవరికీ సెలవు అనేది మిగలదు. ఆ ముగ్గురిలోనూ 30 శాతం ఖాళీలు ఉంటే స్థానానికి ఇద్దరు మిగులుతారు. అప్పుడు పన్నెండు గంటల షిఫ్టును ఎవరూ ఆదేశించనక్కరలేదు, అది దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

సిబ్బంది సంఖ్యను ఖైదీల సంఖ్యకు నిష్పత్తిగా నిర్ణయించే పద్ధతిలోని లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. భారతదేశంలో కేంద్ర హోంశాఖ వెలువరించిన నమూనా జైలు మాన్యువల్ ప్రతి ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి ఉండాలని సూత్రప్రాయంగా చెప్పింది. పెద్ద కేంద్ర కారాగారానికి ఆ నిష్పత్తి సరిపోవచ్చు. ఇరవై మంది ఖైదీలుండే సబ్‌జైలును తీసుకుంటే నిష్పత్తి ప్రకారం ముగ్గురు లేదా నలుగురు వస్తారు. అక్కడ ద్వారం దగ్గర ఒకరు, లోపల ఒకరు చొప్పున రెండే స్థానాలు ఉన్నాయనుకున్నా, సెలవులతో కలిపి తొమ్మిది మంది కావాలి. ద్వారానికి లోపల ఎందరున్నారో పట్టదు, అది రాత్రింబవళ్లు కాపలా కోరుతూనే ఉంటుంది. కాబట్టి నిష్పత్తి ప్రకారం పూర్తి సిబ్బంది ఉన్న చిన్న జైలు కూడా పని గంటల దృష్టితో తీవ్రమైన కొరతలో ఉండవచ్చు.

ఈ వివాదాలు అత్యంత విస్తారంగా నమోదైన దేశం అమెరికా. అక్కడ విచారణలో ఉన్నవారినీ స్వల్పకాలిక శిక్షపడినవారినీ ఉంచే జైళ్లను చాలావరకు కౌంటీలు లేదా నగరాలు నడుపుతాయి. దీర్ఘశిక్షల కారాగారాలు రాష్ట్రాల చేతిలోనో కేంద్రం చేతిలోనో ఉంటాయి. ప్రైవేటు రంగ కార్మికులకు సంఘ హక్కును ఇచ్చిన 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ ఉద్యోగులను తన పరిధి నుంచి మినహాయించింది. అందువల్ల జైలు ఉద్యోగి హక్కు అతడు పనిచేసే రాష్ట్రాన్ని బట్టి మారిపోతుంది: స్థానిక ప్రభుత్వ ఉద్యోగులకు సమష్టి బేరసారాల హక్కును 1959లోనే ఇచ్చిన విస్కాన్సిన్ ఒకవైపు ఉంటే, ప్రభుత్వోద్యోగుల సమష్టి బేరసారాలను సాధారణంగా నిషేధించే టెక్సస్ మరోవైపు ఉంది. సమష్టి బేరసారాలు అంటే ఉద్యోగుల్లో అధిక సంఖ్యాకులు ఎన్నుకున్న యూనియన్ అందరి తరఫునా యజమానితో కూర్చుని జీతం, గంటలు, పని నిబంధనలపై ఒప్పందం కుదుర్చుకోవడం. కౌంటీ జైళ్లలో యజమాని ఎవరన్నదే ఒక చిక్కు. నిధులు కౌంటీ బోర్డు ఇస్తుంది, జైలును ఎన్నికైన షెరిఫ్ నడుపుతాడు, యూనియన్ ఒప్పందం బోర్డుతో కుదిరితే షెరిఫ్ తన రాజ్యాంగ అధికారాన్ని చూపించి దానిని పక్కన పెట్టబోతాడు. విస్కాన్సిన్ సుప్రీంకోర్టు 2007లో బ్రౌన్ కౌంటీ కేసులో, ఖైదీలకు భోజనం సమకూర్చే సిబ్బంది నియామకం షెరిఫ్ సహజాధికారాల కిందికి రాదని, అందువల్ల యూనియన్ ఒప్పందాన్ని దాటి అతడు ఆ పనిని బయటి సంస్థకు అప్పగించజాలడని తీర్పిచ్చింది.

అదే విస్కాన్సిన్ 2011లో యాక్ట్ 10 అనే చట్టంతో ప్రభుత్వోద్యోగులను రెండు వర్గాలుగా విడదీసింది. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది ప్రజాభద్రతా ఉద్యోగులుగా బేరసారాల హక్కును నిలుపుకున్నారు. రాష్ట్ర కారాగారాల కాపలా సిబ్బంది సాధారణ ఉద్యోగులుగా లెక్కకు వచ్చి, మూల వేతనం తప్ప మరే విషయంపైనా మాట్లాడే హక్కును పోగొట్టుకున్నారు. షిఫ్టులు, ఓవర్‌టైమ్, బదిలీలు అన్నీ ఆ నిషేధంలో పడ్డాయి. ఆ తర్వాతి పన్నెండేళ్లలో సిబ్బంది వెళ్లిపోవడం పెరిగి, 2023 నాటికి వాపన్ కారాగారంలో కాపలా ఉద్యోగాల్లో సగానికి పైగా ఖాళీగా ఉండగా, అక్కడి ఖైదీలు నెలల తరబడి గదుల్లోనే బందీలుగా గడిపారు. దీనికంతటికీ యాక్ట్ 10 ఒక్కటే కారణమని చెప్పడం న్యాయం కాదు. కోవిడ్ అనంతరం దేశమంతటా జైలు ఉద్యోగాలు వదిలేసినవారు పెరిగారు. అయినా ఫిర్యాదు చెప్పుకునే వేదిక లేనిచోట ఉద్యోగికి మిగిలిన ఏకైక మార్గం రాజీనామా అన్న సంగతి అక్కడ స్పష్టంగా కనిపించింది. 2024 డిసెంబరులో డేన్ కౌంటీ న్యాయస్థానం ఆ వర్గీకరణ రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చినా, అప్పీలు కారణంగా తీర్పు అమలు నిలిచిపోయింది.

ప్రాతినిధ్యం అనే మాటకు బేరసారాలతో పాటు మరో అర్థం ఉంది, అది ఒంటరి ఉద్యోగి పక్షాన నిలబడడం. తనపై క్రమశిక్షణ చర్యకు దారితీయగల విచారణలో యూనియన్ ప్రతినిధి పక్కన ఉండాలని కోరే హక్కును అమెరికా సుప్రీంకోర్టు 1975లో వైన్‌గార్టెన్ కేసులో ప్రైవేటు రంగానికి గుర్తించగా, పలు రాష్ట్రాలు తర్వాత దానిని ప్రభుత్వోద్యోగులకూ వర్తింపజేశాయి. యూనియన్ తన సభ్యులనే గాక తాను ప్రాతినిధ్యం వహించే ఉద్యోగులందరినీ పక్షపాతం లేకుండా కాపాడాలన్న బాధ్యతను అంతకుముందే 1967లో వాకా కేసు స్థిరపరిచింది. షిఫ్టు వివాదాల్లో ఈ బాధ్యత చాలా సున్నితమైనది, ఎందుకంటే ఇక్కడ ఒక ఉద్యోగి ఫిర్యాదు తరచు మరో ఉద్యోగి సౌకర్యం మీదే పడుతుంది. 2018లో జేనస్ తీర్పు, సభ్యులు కానివారి నుంచి ప్రభుత్వరంగ యూనియన్లు రుసుము వసూలు చేయరాదని చెప్పిన తర్వాత, చందా కట్టే సీనియర్ల మాటకు యూనియన్ లోపల మరింత బరువు పెరిగే ప్రమాదం ఏర్పడింది.

సీనియారిటీ ప్రకారం షిఫ్టునూ కాపలా స్థానాన్నీ ఎంచుకునే పద్ధతి అమెరికా జైలు ఒప్పందాల్లో అతి సాధారణం. ఖాళీ అయిన స్థానాన్ని నోటీసు బోర్డులో ప్రకటిస్తారు, కోరుకున్నవారిలో సర్వీసు ఎక్కువ ఉన్నవారికి అది దక్కుతుంది. అధికారి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడకుండా, పైరవీకి తావులేకుండా ఉద్యోగి తన జీవితాన్ని దిద్దుకోవడానికి కార్మికులు పోరాడి సాధించుకున్న రక్షణ అది. దాని విలువను తక్కువ చేయడం పొరపాటు. అయితే కొరత తీవ్రమైనప్పుడు అదే నియమం తలకిందులుగా పనిచేస్తుంది. షిఫ్టు ముగిసినా ఆగి మరో షిఫ్టు చేయాలని ఆదేశించే తప్పనిసరి ఓవర్‌టైమ్‌ను సాధారణంగా సర్వీసు తక్కువ ఉన్నవారి నుంచి మొదలుపెడతారు. కొత్తగా చేరిన యువకుడికి రాత్రి షిఫ్టు, కఠినమైన బ్యారక్, వారం మధ్యలో సెలవు, పైగా వారానికి రెండు మూడు సార్లు పదహారు గంటల పని దక్కి, ఏడాది తిరగకముందే అతడు ఉద్యోగం వదిలితే, ఆ భారం అతని వెనక చేరినవాడి మీద పడుతుంది. ఉద్యోగంలో నిలబడినవారిని కాపాడే నియమం చేరబోయేవారిని తరిమివేస్తుంటే, దానిని సడలించమని అడిగే అధికారికి కూడా సగం న్యాయమే ఉంటుంది. మిగిలిన సగం, అసలు ఆ స్థానానికి సరిపడా మనుషులను ఎందుకు నియమించలేదన్న ప్రశ్నకు జవాబు చెప్పినప్పుడే దక్కుతుంది.

సీనియారిటీని తీసేస్తే న్యాయం దానంతటదే రాదని డల్లాస్ కౌంటీ ఉదంతం తేల్చి చెప్పింది. టెక్సస్‌లోని ఆ కౌంటీ జైలులో 2019 ఏప్రిల్ వరకు సెలవు రోజులను సీనియారిటీ ప్రకారం ఇచ్చేవారు. ఆ నెల నుంచి షెరిఫ్ విభాగం స్త్రీ పురుష భేదాన్ని బట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. పురుష అధికారులకు శని, ఆదివారాలు రెండూ సెలవుగా లభించగా, మహిళా అధికారులకు వారం మధ్య రెండు రోజులో, లేక వారాంతంలో ఒక్కరోజు మాత్రమేనో దక్కేది. పురుషులు వారం మధ్యలో కన్నా వారాంతంలో సెలవులో ఉండడమే క్షేమకరమన్నది పైఅధికారి చెప్పిన కారణం. తొమ్మిది మంది మహిళా అధికారులు కోర్టుకు వెళ్లారు. బేరసారాల చట్టం తోడులేని ఆ రాష్ట్రంలో వారికి దొరికిన ఆయుధం ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే 1964 పౌరహక్కుల చట్టంలోని ఏడవ అధ్యాయం. అయిదవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దశాబ్దాలుగా నియామకం, తొలగింపు, పదోన్నతి, జీతం వంటి అంతిమ నిర్ణయాలకే ఆ చట్టం వర్తిస్తుందంటూ వచ్చింది; షిఫ్టు మార్పు ఆ జాబితాలో లేదు కనుక మొదట ఆ మహిళలు ఓడిపోయారు. 2023 ఆగస్టులో అదే కోర్టు పూర్తి ధర్మాసనంగా కూర్చుని, తన పాత సూత్రాన్ని విడనాడి, ఎప్పుడు పనిచేయాలన్నది ఉద్యోగ నిబంధనల్లో భాగమేనని, లింగభేదాన్ని బట్టి వారాంతపు సెలవును నిరాకరించడాన్ని వివక్షగా ప్రశ్నించవచ్చని తీర్పిచ్చింది. జైలు షిఫ్టుల గురించి వెలువడిన తీర్పుల్లో దీనికి ప్రత్యేక స్థానం ఇవ్వాలి. సెలవు దినం అనేది యజమాని దయగా ఇచ్చే సౌకర్యం అన్న భావనను అది చట్టపరంగా దెబ్బతీసింది. అయినా ఆ తీర్పు ఇచ్చినది వివక్ష లేని పంపకానికి హక్కు మాత్రమే. పంచుకోవడానికి తగినన్ని ఆదివారాలు ఉండాలంటే తగినంతమంది ఉద్యోగులు ఉండాలన్న సంగతి కోర్టు పరిధిలోకి రాలేదు.

గంటల లెక్కను నియంత్రించే అమెరికా కేంద్ర చట్టం 1938 నాటి న్యాయమైన కార్మిక ప్రమాణాల చట్టం. సాధారణ ఉద్యోగికి వారంలో 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్ల వేతనం చెల్లించాలని చెప్పే ఆ చట్టం, పోలీసులకూ జైలు భద్రతా సిబ్బందికీ మాత్రం 28 రోజుల్లో 171 గంటలు లేదా 14 రోజుల్లో 86 గంటలు దాటిన తర్వాతే ఓవర్‌టైమ్ మొదలయ్యే మినహాయింపునిస్తుంది. పద్నాలుగు రోజుల్లో ఏడు పన్నెండు గంటల షిఫ్టులు వేస్తే వచ్చేది 84 గంటలు కాబట్టి, అదనపు వేతనం లేకుండా ఉద్యోగి చేత పన్నెండేసి గంటలు చేయించవచ్చు. అయితే ఈ పద్ధతిలో ప్రతి రెండో వారాంతం మూడు రోజుల సెలవు దొరుకుతుంది గనుక ఉద్యోగుల్లో చాలామంది దానిని ఇష్టపడతారన్నది కూడా నిజమే. పన్నెండు గంటల షిఫ్టు తనంత తాను అన్యాయం కాదు. పన్నెండు దాటాక ఉద్యోగిని మరో నాలుగు, ఎనిమిది గంటలు ఆపి ఉంచే అవకాశాన్ని ఒప్పందం మూసివేసిందా లేదా అన్నదానిని బట్టే దాని మంచిచెడులు తేలుతాయి.

న్యూయార్క్ రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 17న మొదలైన సమ్మె ఈ మొత్తం ప్రశ్నకు ఇటీవలి అతిపెద్ద ఉదాహరణ. అక్కడి 1967 నాటి టేలర్ చట్టం ప్రభుత్వోద్యోగులకు బేరసారాల హక్కునిచ్చి సమ్మెను నిషేధించింది. సమ్మె చేసిన ప్రతిరోజుకూ రెండు రోజుల జీతం కోల్పోవాలి. అయినా 1979లో రాష్ట్ర కారాగారాల అధికారులు రెండు వారాలకు పైగా సమ్మె చేయగా నేషనల్ గార్డు సైనికులు జైళ్లను నడిపారు. 2025లో కాలిన్స్, ఎల్మైరా కారాగారాల్లో మొదలై దాదాపు రాష్ట్రమంతటా పాకిన సమ్మెకు యూనియన్ అనుమతి లేదు. రోజుకు ఇరవైనాలుగు గంటల దాకా సాగే నిర్బంధ ఓవర్‌టైమ్, ఏకాంత నిర్బంధాన్ని వరుసగా పదిహేను రోజులకు పరిమితం చేసిన హాల్ట్ చట్టం వల్ల తమ భద్రత తగ్గిందన్న వాదన సమ్మెకారులు చెప్పిన ప్రధాన కారణాలు. సమ్మెకు వారం ముందు కారాగార శాఖ పంపిన ఒక అంతర్గత సందేశం, పాత సిబ్బంది నమూనాలో 70 శాతాన్నే ఇకపై నూరు శాతంగా భావించి జైళ్లను నడపాలన్న అర్థంలో ఉండడం ఆగ్రహాన్ని రగిలించింది. కొరతను తీర్చకుండా కొరతనే ప్రమాణంగా మార్చిన ఆ ఒక్క వాక్యంలో షిఫ్టు వివాదాల చరిత్ర అంతా ఇమిడి ఉంది. మార్చి 10న సమ్మె ముగిసేనాటికి రెండువేల మందికి పైగా ఉద్యోగాలు కోల్పోయారు, వేల సంఖ్యలో గార్డు సైనికులు లోపల విధుల్లో ఉన్నారు. ఇరవైనాలుగు గంటల పని లేకుండా చూడడం, పన్నెండు గంటల షిఫ్టుల వైపు మళ్లడం, హాల్ట్ చట్టంలోని కొన్ని అంశాలను 90 రోజులు నిలిపివేయడం రాజీ షరతుల్లో ముఖ్యమైనవి. సమ్మె రోజుల్లో ఖైదీలకు ములాఖత్‌లు ఆగిపోయాయి, మందులు, భోజనం, కోర్టు హాజరు కుంటుపడ్డాయి; ఏకాంత నిర్బంధంపై వారికి దక్కిన రక్షణ వారు లేని బల్ల దగ్గర బేరానికి వచ్చింది. సిబ్బంది భద్రతా భయం నిజమైనదే అయినప్పటికీ, గంటల వివాదానికి పరిష్కారంగా మరొకరి హక్కును తాకట్టు పెట్టడం సమర్థనీయం కాదు. పైగా రెండువేల మందిని తొలగించిన తర్వాత మిగిలినవారి షిఫ్టు లెక్క మునుపటికన్నా బిగుసుకుంది.

పైన చెప్పిన వాదానికి గట్టి సవాలు విసిరేది న్యూయార్క్ నగరంలోని రైకర్స్ దీవి జైళ్ల అనుభవం. 2021లో అక్కడ యూనిఫారం సిబ్బంది సంఖ్య ఖైదీల సంఖ్యకన్నా ఎక్కువే. అయినా వరుసగా మూడు షిఫ్టులు, ఎవరూ లేని కాపలా స్థానాలు, గంటల తరబడి ఖైదీలను పలకరించేవారు లేకపోవడం అక్కడ నిత్యకృత్యమయ్యాయి. ఒప్పందం ప్రకారం జబ్బు సెలవుకు పరిమితి లేకపోవడంతో ఒక దశలో సుమారు మూడోవంతు సిబ్బంది విధులకు అందుబాటులో లేరు. 2021, 2022 రెండేళ్లలో కలిపి ముప్ఫై మందికి పైగా ఖైదీలు ఆ వ్యవస్థలో మరణించారు. మనుషుల సంఖ్య చాలినంత ఉన్నా షిఫ్టు సంక్షోభం వస్తుందనడానికి దీనిని సాక్ష్యంగా చూపుతారు. నిజానికి రైకర్స్ చెబుతున్నది హాజరు పట్టీలోని పేర్లకూ కాపలా స్థానంలో నిలబడిన మనుషులకూ మధ్య ఉన్న దూరం గురించి. ఖైదీలతో సంబంధం లేని కార్యాలయ పనుల్లో సీనియర్లు స్థిరపడిపోవడం, జబ్బు సెలవు దుర్వినియోగాన్ని విచారించే యంత్రాంగం మూలబడడం, మిగిలినవారు అలసిపోయి తామూ జబ్బు సెలవు పెట్టడం ఒకదానినొకటి పెంచుకుంటూ పోయాయి. సమ్మె హక్కు లేని ఉద్యోగి చేతిలో జబ్బు సెలవు సమ్మెకు ప్రత్యామ్నాయం అవుతుంది. అలాంటి సమ్మెతో చర్చించడానికి నాయకుడు ఉండడు, దానికి ముగింపు తేదీ ఉండదు. యూనియన్ నాయకత్వం మీద నమ్మకం సన్నగిల్లడానికి వేరే కారణాలూ ఉన్నాయి: 1995 నుంచి 2016 దాకా ఆ యూనియన్ అధ్యక్షుడిగా ఉన్న నార్మన్ సీబ్రూక్, సభ్యుల పింఛను సొమ్ముతో సహా రెండు కోట్ల డాలర్ల యూనియన్ నిధులను లంచం తీసుకుని ఒక పెట్టుబడి సంస్థలో పెట్టిన నేరానికి 2018లో దోషిగా తేలాడు. 2015 నుంచి ఫెడరల్ పర్యవేక్షణలో ఉన్న ఈ జైళ్లపై న్యాయమూర్తి లారా టేలర్ స్వైన్ 2025 మేలో విస్తృతాధికారాలుగల స్వతంత్ర అధికారిని నియమించాలని ఆదేశించారు.

ఇంగ్లండ్ కథ మరింత పాతది. 1919 పోలీసు సమ్మెలో పాల్గొన్న జైలు అధికారులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1939లో ప్రిజన్ ఆఫీసర్స్ అసోసియేషన్ ఏర్పడింది. యుద్ధానంతరం జైళ్లు కిక్కిరిసిపోతుండగా కొత్త నియామకాలకు బదులు ఓవర్‌టైమ్‌తో నెట్టుకొచ్చిన ప్రభుత్వం, 1980ల నాటికి సగటున వారానికి 56 గంటలు పనిచేసే, ఓవర్‌టైమ్ లేకపోతే కుటుంబం గడవని ఉద్యోగ వర్గాన్ని తయారుచేసింది. కొరతలో ఉద్యోగికే ఆర్థిక ప్రయోజనం ఏర్పడిన ఆ స్థితిలో షిఫ్టును నిర్ణయించే పట్టు స్థానిక శాఖల చేతికి వెళ్లింది. ఒక జైలును నడపడానికి ఎందరు కావాలో నిర్ణయించేది ఎవరన్న వివాదంపై 1986 వసంతంలో సంఘం ఓవర్‌టైమ్‌ను నిరాకరించగా, ఏప్రిల్ 30 రాత్రి పలు జైళ్లలో అల్లర్లు చెలరేగి, ససెక్స్‌లోని నార్త్‌ఐ జైలు చాలావరకు కాలిపోయింది. మరుసటి ఏడు ప్రవేశపెట్టిన ఫ్రెష్ స్టార్ట్ అనే ఒప్పందం ఓవర్‌టైమ్ వేతనాన్ని రద్దుచేసి, జీతం పెంచి, పని గంటలను దశలవారీగా వారానికి 39కి తగ్గిస్తామని వాగ్దానం చేసింది. సూత్రరీత్యా ఇది ఈ రంగంలో జరిగిన అత్యుత్తమ సంస్కరణ. ఆచరణలో, తగ్గించిన గంటలకు బదులుగా రావలసినంత మంది కొత్తవారు రాకపోవడంతో రెండేళ్లలోనే తిరగబడింది. 1989 ఆరంభంలో కొత్త షిఫ్టు పద్ధతిని లండన్‌లోని వాండ్స్‌వర్త్ జైలు అధికారులు ప్రతిఘటించినప్పుడు పోలీసులు ఆ జైలులో కాపలా కాశారు.

1994 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టంలోని 127వ సెక్షను జైలు అధికారులను పని మానేయడానికి ప్రేరేపించడాన్ని చట్టవిరుద్ధం చేసింది. స్వచ్ఛంద ఒప్పందం మీద నమ్మకంతో 2005లో దానిని సడలించారు; 2007 ఆగస్టు 29న దేశవ్యాప్తంగా అధికారులు ఆకస్మికంగా బయటికి నడవడంతో మరుసటి ఏడాది చట్టంతో నిషేధాన్ని మళ్లీ తెచ్చారు. సమ్మెకు ప్రత్యామ్నాయంగా 2001లో ఏర్పాటైన వేతన సమీక్షా సంస్థ జీతం గురించి సిఫారసు చేస్తుంది, ఎందరు పనిచేయాలో చెప్పదు. 2010 తర్వాత పొదుపు చర్యల్లో కాపలా అధికారుల సంఖ్య సుమారు నాలుగోవంతు తగ్గిపోయి, హింస పెరిగి, 2016 నవంబరులో వేలాది అధికారులు బయటికి వచ్చినప్పుడు హైకోర్టు ఒక్కరోజులో వారిని వెనక్కి పంపింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణుల సంఘాలు ఈ విషయంలో చాలాకాలంగా ఒకే మాట చెబుతున్నాయి: 1948 నాటి 87వ ఒడంబడిక సైన్యానికీ పోలీసులకూ మాత్రమే మినహాయింపునిచ్చింది కనుక జైలు సిబ్బందికి సంఘం పెట్టుకునే హక్కు ఉండాలి, సమ్మెను నిషేధించినచోట నిష్పాక్షికమైన, వేగవంతమైన, ఇరుపక్షాలూ కట్టుబడే మధ్యవర్తిత్వం బదులుగా ఇవ్వాలి. మధ్యవర్తి ముందుకు మనుషుల సంఖ్య కూడా రావాలని దీనికి చేర్చకపోతే ఆ హామీ సగంలోనే ఆగిపోతుంది.

భారతదేశం ఆ 87వ ఒడంబడికను గాని, బేరసారాలకు సంబంధించిన 98వ దానిని గాని ఆమోదించలేదు. రాజ్యాంగం 19వ అధికరణ సంఘ స్వేచ్ఛను ఇచ్చింది. 33వ అధికరణ సాయుధ బలగాల, శాంతిభద్రతల బలగాల హక్కులను పరిమితం చేయడానికి పార్లమెంటుకు అధికారమివ్వగా, దాని కింద వచ్చిన 1966 చట్టం పోలీసుల గురించి మాట్లాడుతుంది. జైలు వార్డర్లు పోలీసు బలగంలో భాగం కారు కనుక తక్కిన ప్రభుత్వోద్యోగుల్లాగే సంఘం పెట్టుకోగలరు. ప్రభుత్వం గుర్తించని సంఘంలో ఉండరాదన్న నియమాన్ని సుప్రీంకోర్టు 1962లో ఓ.కె.ఘోష్ కేసులో కొట్టివేసింది కూడా. సమ్మె మాత్రం హక్కు కాదని అదే కోర్టు మొదటినుంచీ చెబుతూ, 2003లో రంగరాజన్ కేసులో మరింత గట్టిగా చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి 1964 ప్రవర్తనా నియమావళి సమ్మెను నిషేధించింది, 1971 అత్యవసర సేవల చట్టం దానికి అండగా ఉంది. ప్రభుత్వ సార్వభౌమ విధులను పరిశ్రమ అన్న నిర్వచనం నుంచి తప్పించడంతో పారిశ్రామిక వివాదాల యంత్రాంగం జైలు ద్వారం దాకా రాదు. ఫ్యాక్టరీ కార్మికుడికి వారానికి 48 గంటలు దాటితే దక్కే రెట్టింపు వేతనం వార్డరుకు దక్కదు.

దీనికితోడు 1894 నాటి జైళ్ల చట్టం నీడ ఇంకా తొలగలేదు. జైలరు జైలులోనే నివసించాలని, లిఖిత అనుమతి లేకుండా ఒక్క రాత్రి కూడా బయట గడపరాదని చెప్పిన ఆ చట్టం, 54వ సెక్షనులో, రెండు నెలల ముందస్తు నోటీసు లేకుండా విధుల నుంచి తప్పుకున్న లేదా సెలవు గడువు మీరి ఉండిపోయిన జైలు ఉద్యోగికి రెండువందల రూపాయల జరిమానా లేదా మూడు నెలల ఖైదు విధించవచ్చంది. సెలవు దాటడం నేరమైన చోట డ్యూటీ చార్టును వివాదంగా ఊహించడమే కష్టం. అదే చట్టం ఖైదీలను జైలు అధికారులుగా నియమించడానికి వీలు కల్పించింది. కన్విక్ట్ వార్డర్, కన్విక్ట్ ఓవర్సీర్ అనే పేర్లతో శిక్ష అనుభవిస్తున్నవారే తోటి ఖైదీల మీద కాపలాకు నిలబడ్డారు. ఇతర దేశాల్లో సమ్మెగానో జబ్బు సెలవుగానో పైకి వచ్చిన కొరత ఇక్కడ వివాదం కాకుండా ఈ విధంగా కరిగిపోయింది. కొరత చిన్నదేమీ కాదు: జాతీయ నేర గణాంక సంస్థ వార్షిక నివేదికల్లో జైలు ఉద్యోగాల్లో సుమారు 30 శాతం ఖాళీలు ఏళ్ల తరబడి కొనసాగుతున్నాయి, 1,382 జైళ్ల దుస్థితిపై సుప్రీంకోర్టు చేపట్టిన కేసులో 2018లో నియమించిన జస్టిస్ అమితవ రాయ్ కమిటీ పరిధిలో ఈ ఖాళీలూ ఉన్నాయి. జస్టిస్ ముల్లా కమిటీ 1983లోనే సిబ్బంది పని పరిస్థితులను ఖైదీల సంస్కరణ నుంచి విడదీసి చూడలేమని గుర్తించింది. జైళ్లు రాష్ట్ర జాబితాలోని విషయం కావడంతో ఆ సిఫారసుల అమలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా సాగింది.

తెలుగు రాష్ట్రాల్లో ఉద్యోగ సంఘాలు బలమైనవి, సంయుక్త సిబ్బంది మండలి అనే చర్చావేదిక ఉంది. ఆ వేదిక మీదికి వచ్చేవి వేతన సవరణ, కరవు భత్యం, పింఛను వంటి అందరికీ ఉమ్మడి విషయాలు. చర్లపల్లి జైలులోనో రాజమహేంద్రవరం జైలులోనో ఒక బ్యారక్‌కు రాత్రి ఎందరు ఉండాలన్నది అక్కడికి చేరదు. యూనిఫారం ఉద్యోగుల గంటల సమస్యకు వేదిక లేకపోతే ఏమవుతుందో పక్క శాఖలో కనబడింది. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలీసులకు వీక్లీ ఆఫ్ ప్రకటించినా, అందుకు తగినంత మంది లేని స్టేషన్లలో అది నిలకడగా సాగలేదు. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల విధుల తీరుపై మొదట రోడ్డెక్కినది వారి భార్యలు. కానిస్టేబుళ్లు కూడా గొంతు కలపగానే పలువురు సస్పెండ్ అయ్యారు, కొందరు ఉద్యోగమే కోల్పోయారు. భర్త సెలవు గురించి భార్య ధర్నా చేయవలసి రావడం ప్రాతినిధ్య వ్యవస్థలో ఉన్న ఖాళీకి ప్రత్యక్ష సాక్ష్యం.

ఈ ఖాళీని పూరించడానికి సమ్మె హక్కు కోసం ఎదురుచూడనక్కరలేదు, 1894 చట్టం స్థానంలో రాష్ట్రాలు కొత్త చట్టాలు చేసుకోవాలంటూ 2023లో కేంద్రం నమూనా చట్టాన్ని పంపిన ఈ సమయమే అనువైనది. ప్రతి జైలుకూ ఖైదీల నిష్పత్తితో పాటు కాపలా స్థానాల జాబితాను, స్థానానికి నాలుగున్నర మందికి తగ్గని గుణకాన్ని నియమావళిలోనే రాయడం, నెలవారీ డ్యూటీ చార్టును ముందుగా ప్రకటించి అందులో వీక్లీ ఆఫ్ రద్దయిన ప్రతిసారీ కారణాన్ని నమోదు చేయడం, పన్నెండు గంటలు దాటిన విధికి పరిహార సెలవు తప్పనిసరి చేయడం, మహిళా వార్డర్ల స్థానాలను విడిగా లెక్కించడం సంఘాలూ ప్రభుత్వాలూ కలిసి చేయగలిగిన పనులు. ఆ నమోదులు జైలు సందర్శకుల మండలి ముందుకు, జిల్లా న్యాయమూర్తి తనిఖీకి కూడా రావాలి. రాత్రి రెండు గంటలకు గుండెపోటు వచ్చిన ఖైదీని ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే తాళం తెరిచే మనిషి ఆ షిఫ్టులో ఉన్నాడా లేదా అన్నది వార్డరు కుటుంబానికి ఎంత ముఖ్యమో, ఆ ఖైదీ కుటుంబానికీ అంతే ముఖ్యం.